బల్లి మీద బంగారం

ముందు ఫ్యాను ఆపాలి.
తర్వాత కిటికీ. తర్వాత మాట.
కత్తెర ఎండల్లో, చిత్తూరు గిరింపేటలో,
రేకుల కప్పు కింద మా మేడమీది గదిలో
ఇంక ఆపడానికి మిగిలేది ఊపిరొకటే.

షంషాద్ అప్పటికే ఆపేసుంటుంది.
దాని ఒళ్ళో ఇరవై అయిదు రేకుల పుస్తకం,
చదవడానికి ఒక్క అక్షరం లేని పుస్తకం.
వేలు తగిలితే చాలు, వేలిగీతల్లోకి ఇంకిపోతుంది బంగారం.
"పట్టుకుంటే ఉండదు, వదిలితే నిలవదు" అనేవాడట
వాళ్ళ తాత దస్తగిరి,
మిఠాయిల మీదికి వెండి వరకు కొట్టీ కొట్టీ
రెండు చెవులూ పోగొట్టుకున్నవాడు.

కాగితం మా చేతిదే.
మండీలో పారేసిన బెల్లం లెక్కల పుస్తకాలు
నానేసి, రుబ్బి, జల్లెడ మీద ఆరబెట్టింది.
వెలుతురుకు ఎత్తి చూస్తే
ఎవరి బాకీయో నీలం నలుసులుగా ఇంకా ఉంటుంది.
జిగురు చింతగింజలది.
అది తడి పోయి, ఇంకా పూర్తిగా ఆరని
ఒక్క క్షణం ఉంది చూడండి,
వేలి వెనక తగిలిస్తే టిక్కుమంటుంది.
అంతకు ముందైతే రేకు మునిగిపోతుంది,
ఆ తర్వాతైతే మొహం తిప్పుకుంటుంది.

ఉడుత వెంట్రుకల కుంచెను
ఒకసారి చెంపకు రాసుకోవాలి.
చెంప జిడ్డు కుంచెకు, ఆ జిడ్డుకు రేకు.
కాబట్టి కార్డు అందుకునే పెద్దమనుషులారా,
మీ బంగారానికి కింద చింతగింజ,
పైన మా చెమట.

ఈసారి ఆర్డరు డిల్లీరాణక్కది.
హెడ్డు పోస్టాఫీసులో ముప్పై ఆరేళ్ళు
జనం ఉత్తరాల మీద ముద్ర కొట్టి
కుడిభుజం ఎడమదానికన్నా అంగుళం కిందికి దిగింది.
నెలాఖరుకు రిటైరు.
"నా పేరుతో నలభై పంపల్ల మే.
మొదటక్షరం బంగారంతో రాయి.
కుడిపక్క పైన మాత్రం ఏమీ పెట్టొద్దు,
ముద్ర పడే చోటు.
ఎంత గట్టిగా పడతాదో నాకు తెలుసు."

ముప్పై తొమ్మిది అయినాయి.
ముప్పై తొమ్మిది బంగారు "డి"లు,
నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని
బరువు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నట్టు.
నలభయ్యోదానికి చివరి రేకు ఎత్తినాను.
కరెంటు పోయి గంటయింది.
ఆ చెమటల్లో ఫ్యాను స్విచ్చి ఆపలేదు ఎవరమో.
నేను కాదంటాను. షంషాద్ తను కాదంటుంది.

వచ్చింది కరెంటు.

రేకు లేచింది, చినిగింది, గది చూసుకుంది.
ఒక తునక షంషాద్ కనుబొమ మీద,
ఒకటి తెరిచిన టిఫిన్ డబ్బాలో
ఊరగాయ ముక్క మీద,
మిగిలిందంతా ట్యూబులైటు పక్కన
పురుగు కోసం కాచుకున్న బల్లి వీపు మీద.
బల్లి ఒక్కసారి మావైపు చూసి,
ఇంత జీవితంలో ఇది మామూలే అన్నట్టు
పట్టీ వెనక్కి పోయింది.

షంషాద్ నేలమీద పడి నవ్వింది.
"ఇంక మీవాళ్ళకు కంచి బస్సు చార్జీ మిగిలె.
దోషముంటే మన మేడెక్కి తాకిపోతారు."

సాయంత్రం అక్క వచ్చింది.
రేకులు అయిపోయినాయని చెప్పలేక
నలభయ్యోది అడుగున పెట్టినాను.
అడుగునుంచే తీసింది, కట్టలు లెక్కపెట్టిన చెయ్యి కదా.
బంగారం లేని ఉత్త జిగురు "డి".
దీపం కిందికి వంచితే కనపడుతుంది,
వంచకపోతే లేదు.
చానాసేపు వంచింది.
"ఇది నాకుండనీ" అనింది.
కుడిపక్క పైన, ఖాళీ చోట,
అలవాటుగా పిడికిలి ఎత్తి
మెల్లిగా, అరచేతిగా విప్పి ఆనించింది.

కథలన్నీ కంచికి పోతాయంటారు.
మాది ట్యూబులైటు వెనకే ఉంది.
చీకటి పడితే పురుగుల కోసం
మెరుస్తూ బయటికొస్తుంది.